అట్టలు చింపిన పుస్తకాలు

నా భార్య జెద్దాలో పోయింది. తను నర్సుగా పనిచేసిన వార్డులోనే, ఎన్నోసార్లు తనే దుప్పటి మార్చిన మంచాల్లో ఒకదాని మీద. కాలేయం జబ్బు. దగ్గరివాళ్ళకు ఈ కబురు తెలుసు. ఆమె దగ్గర పుస్తకాలు తీసుకుని చదివి, ఇప్పుడు తాయిఫ్‌లోనో జుబైల్‌లోనో ఉన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఆమె చదివినవన్నీ డిటెక్టివ్ నవలలే. ఒక్క హత్యతో సరిపెట్టేవి నచ్చేవి కావు. వరసగా మనుషులు చస్తుండాలి, డిటెక్టివ్‌లు తిండీ నిద్రా మాని తిరుగుతుండాలి. రోజంతా ఆసుపత్రిలో చూసింది చాలదా అని అడిగాను ఒకసారి.

“అక్కడ ఎందుకు పోయారో ఎవరూ చెప్పరండీ. ఇందులో ఆఖరికైనా చెప్తారు” అంది.

సెలవుకి కాకినాడ వెళ్ళినప్పుడల్లా పాత పుస్తకాల కొట్లో ఏరి తెచ్చుకునేది. వాటి అట్టల మీద కత్తులు, జుట్టు విరబోసుకున్న ఆడవాళ్ళు. జెద్దాలో దిగాక కస్టమ్స్‌వాళ్ళు పెట్టె తెరిస్తే ఆ బొమ్మలు చూసి ఆపేస్తారేమోనని భయం. బయల్దేరే ముందు వరండాలో కూర్చుని అన్నిటికీ అట్టలు చింపేసేది. నిజంగా ఆపేవారో లేదో మాకెప్పటికీ తెలియలేదు.

నవల పేరు, రాసినవాళ్ళ పేరు అట్టతోనే పోయేవి. నర్సుల క్వార్టర్స్‌లో ఆ పుస్తకాలను చచ్చినవాళ్ళను బట్టి పిలుచుకునేవారు. పూలమ్మాయి పుస్తకం, కాంపౌండరు పుస్తకం. పెళ్ళయి నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఫోనెత్తితే ఎవరో అమ్మాయి, “అన్నయ్యా, పూలమ్మాయిని చంపింది మరిదేనని అక్కకి చెప్పండి” అని పెట్టేసింది. ఆమె డ్యూటీ నుంచి వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు. సంగతి విని, నవ్వు ఆపుకోలేక తలుపుకి ఆనుకుని నిలబడిపోయింది.

చదివేటప్పుడు ఆమెకో అలవాటుండేది. మూడో శవమో నాలుగో శవమో దొరికేసరికి ఆగి, వెనక్కి తిప్పి, అందరికంటే ముందు పోయిన మనిషి పేజీ మళ్ళీ చదివేది. “ఇంకో ఇద్దరు పోయేసరికి ఆ మొదటోణ్ణి డిటెక్టివే మర్చిపోతాడండీ. పాపం, వాడి కోసమే కదా వచ్చాడు” అనేది. ఈ ఫిర్యాదు ప్రతి పుస్తకం మీదా ఉండేది.

వార్డులో ఎవరైనా పోతే, ముఖం తుడిచేటప్పుడు పేరుతో పిలిచి, ఇటు తిప్పుతున్నానమ్మా అని చెప్పేదట. యెమెన్ ముసలమ్మకైనా, మన నెల్లూరు పిల్లకైనా తెలుగులోనే. ఇది ఆమె నాకెన్నడూ చెప్పలేదు. ఆమెతో పనిచేసిన ఒక చెల్లెమ్మ చెప్పింది. నా భార్య ముఖం తుడిచింది ఆ చెల్లెమ్మే.

ఆఖరుగా మేం చదివింది పడవవాడి పుస్తకం. ఆమె మంచం పట్టాక, చూడనిచ్చే వేళల్లో నేనే చదివి వినిపించేవాణ్ణి. గోదావరి లంకల్లో వరస హత్యలు. ముందు పోయినవాడు పడవవాడు. రేవులో దొరికిన అతని చెప్పుల్ని ఇద్దరు డిటెక్టివ్‌లు సాక్ష్యంగా తీసుకుపోతారు. చివరికి వాళ్ళిద్దరూ హంతకుడి ఇంటి తలుపు తడతారు. అది ఎవరిల్లో చెప్పకముందే, అక్కడితో సరి. అట్టతో పాటు ఆఖరి కాగితం ఎప్పుడో ఊడిపోయింది.

“నా చేత్తో నేనే చింపుకున్నాను చూడండి” అంది. హంతకుడు కరణమని ఆమె, డాక్టరని నేను. “డాక్టరుకి అంత తీరికెక్కడిదండీ” అని కొట్టిపారేసింది. ఆ తర్వాత ఇంకో కాపీ తెప్పించమని అడిగింది. జబ్బు తెలిసిన దగ్గర్నుంచీ ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

పేరు తెలియని పుస్తకాన్ని ఎలా వెతికించడం? ఫోన్ కార్డు కొని కాకినాడలో ఆమె తమ్ముడికి చెప్పాను. ముందు పడవవాడు చచ్చిపోతాడు, అంతే తెలుసని. అతను కొట్టు కొట్టుకీ తిరిగి, అదే మాట అడిగి, సంపాదించాడు. సెలవు ముగించుకుని వస్తున్న నర్సు చేత పంపించాడు. పొట్లం విప్పి చూస్తే పుస్తకానికి అట్టల్లేవు. అక్క పెట్టిన నియమం తమ్ముడు తప్పలేదు. ఆఖరి కాగితం ఈసారీ లేదు.

ఆమె దగ్గు వచ్చేదాకా నవ్వింది. “మా వాడేనండీ, సందేహం లేదు” అంది. అట్ట పారేశాడేమో కనుక్కోమంది. పారేయలేదు. కాగితం దానికే అంటుకుని ఉంది. ఫోనులో చదివించనా అన్నాను.

“వద్దండీ. కాగితం పంపమనండి. మీరే చదవాలి.”

అది తేవాల్సిన మనిషి అక్కడ బయల్దేరేలోగా ఆమె పోయింది.

అక్కడ మాకు పూచీగా ఉండే యజమాని, కఫీల్, సంతకం, కాగితాలు అన్నీ అయ్యాక ఆమెను కాకినాడ తీసుకెళ్ళాను. సమాధుల తోట నుంచి వచ్చాక ఆమె తమ్ముడు ఆ అట్ట నా చేతిలో పెట్టాడు. “అక్క చెప్పినట్టే చింపాను బావగారూ” అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె అట్టలు చింపే ఆ వరండాలోనే కూర్చుని చదివాను.

హంతకుడు కరణమే. అది పైన రెండు వాక్యాల్లో అయిపోయింది. మిగిలిన పేజీలో పెద్ద డిటెక్టివ్ ఒక్కడే పడవెక్కి లంకకు వెళ్తాడు. పడవవాడి ఇంట్లో పెళ్ళాం బియ్యం కడుగుతూ ఉంటుంది, అతన్ని చూడదు. సంచిలోంచి ఆ చెప్పులు తీసి, మనిషి ఇంట్లోనే ఉన్నట్టు గుమ్మం పక్కన జతగా పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతాడు.

అతను మర్చిపోలేదు. ఈ ఒక్క సంగతి ఆమెకు చెప్పాలని ఉంది.

జెద్దా తిరిగి వచ్చాను. ఆసుపత్రిలో ఆమె వస్తువులు ఒక సంచిలో పెట్టి ఇచ్చారు. తెల్ల డ్యూటీ బూట్లు తీసి మా గుమ్మం పక్కన పెట్టాను. రోజూ ఆఫీసు నుంచి వచ్చి, వాటి పక్కన నావి విప్పి లోపలికి వెళ్తున్నాను.