తెప్ప మీది మనిషి

మావో రేవులో లాంచీ ఎక్కినవాళ్ళు ఉర్సులా గోమిలా గొంతు వినకుండా దిగి ఉండరు. పద్నాలుగేళ్ళపాటు ఆ గొంతే నాలుగు భాషల్లో రేవంతా చూపించింది. ఎడమ గట్టు మీద ఎర్ర మేడ, నడి నీటిలో పాత ఆసుపత్రి ఉన్న రాజుగారి దీవి, ఆ పైన ఒకప్పుడు అంటురోగుల ఓడల్ని ఆపి ఉంచిన ఎత్తైన గోడల లాజరెట్, చివర కొండ మీద కోట. దిగాక జిన్ను సారా బట్టీలో నాలుక తడుపుకోవచ్చనీ, మెట్లదారి ఎక్కితే చేపల మార్కెట్ వస్తుందనీ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మాత్రం లిఫ్టులో వెళ్ళడమే మేలనీ చెప్పేది. లాంచీ అడుగున గాజు కిటికీలుండేవి. అక్కడ కూర్చుని చేపల్ని చూసేవాళ్ళకు కూడా పైనుంచి ఆమె మాటలు వినిపించేవి.

అంతకుముందు ఆమె చెప్పుల కార్ఖానాలో కుట్టుపని చేసేది. కార్ఖానా మూతబడ్డాక, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఈ పని దొరికింది. పుట్టింది మాత్రం ఆల్చిప్పల ఇంట్లో. లాజరెట్ గోడ నీడలో వాళ్ళ నాన్నకి ఒక తెప్ప ఉండేది. చెక్క దూలాలకు తాళ్ళు వేలాడదీసి, ఆ తాళ్ళ మీద ఆల్చిప్పల్ని పెంచేవాడు. అన్న బీయెల్, ఉర్సులా చిన్నప్పుడు ఆ చిప్పలు గీకి గీకి వేళ్ళు కోసుకున్నవాళ్ళే. తండ్రి పోయాక తెప్ప బీయెల్‌కి వచ్చింది. ఉర్సులా అడగలేదు. ఆ వాసనే తనకి గిట్టదంది.

లాంచీ పనిలో చేరిన మొదటి వేసవిలోనే ఆమె ఒక మాట కనిపెట్టింది. తెప్ప దగ్గరికి రాగానే మైకులో, "ఇటు చూడండి! ఈ రేవులో అందరికంటే చిరచిరలాడే మొహం ఇదిగో, మా అన్నది. ఏడాదికోసారి నవ్వుతాడు. చెయ్యి ఊపి చూడండి, ఇవాళే ఆ రోజేమో!" అనేది. లాంచీ అంతా గొల్లున నవ్వేది. బీయెల్ కూడా మొదట్లో ఒక ఆల్చిప్పల గుత్తి పైకెత్తి చూపించేవాడు. రానురాను లాంచీలు పెరిగాయి. పెద్ద ఓడలు వచ్చిన రోజున గంటకొకటి వచ్చేది.

మూడేళ్ళ క్రితం జనవరిలో, సాంత్ ఆంతోనీ పండగ భోజనాల దగ్గర బీయెల్ నోరు విప్పాడు.

"ఒసే, ఈ ఏడు ఆ మాట మానేయ్."

"ఏ మాట?"

"తెలీనట్టు మాట్లాడకు. ఒంటికి పోసుకోవాలన్నా ఆ తెప్ప మీద నాకు చాటు లేకుండా పోయింది. ఎప్పుడు తలెత్తినా నూరు చేతులు ఊగుతుంటాయి. నేనేమన్నా కోటగోడనా, చూసిపోడానికి?"

"అబ్బో, సిగ్గరి పెళ్ళికొడుకు! నిన్ను చూసి నలుగురు నవ్వుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"పోయేదేదో నాకు తెలుస్తోంది. నీకు తెలీట్లేదు. అందుకే అడుగుతున్నా."

బీయెల్ భార్య తోనియా గిన్నె బల్ల మీద పెడుతూ, "ఒక్క మాటేగా ఉర్సులా, మానేస్తే ఏం పోయింది?" అంది.

"మా యజమానిని అడిగి చూస్తాలే వదినా."

అడిగింది. యజమాని తల అడ్డంగా ఊపాడు. వచ్చినవాళ్ళంతా ఇంటర్నెట్లో ఆ అన్నాచెల్లెళ్ళ గురించే రాస్తున్నారట. మిగతావన్నీ రాళ్ళేనట. నిజానికి ఉర్సులా ఆ మాట మింగేసి ఉంటే ఆయన వచ్చి చూసేవాడు కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. రోజంతా చెప్పిన సంగతే చెప్పే మనిషికి ఆ ఒక్క నవ్వు మీద రుచి పుట్టింది.

మే నెలలో మొదటి లాంచీ తెప్ప దగ్గరికి రాగానే ఆమె ఎప్పటిలాగే అంది. బీయెల్ కాసేపు నిలబడి చూసి, వీపు తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచి లాంచీ చప్పుడు వింటే చాలు, చేతిలో పని ఆపి వీపు తిప్పుకునేవాడు. ఉర్సులా దాన్నీ వదల్లేదు. "అదిగో, అలిగాడు! పోనీలెండి, ఆ వీపుకే చెయ్యి ఊపండి!" అంది. అప్పుడు ఇంకా గట్టిగా నవ్వారు. బీయెల్ ఆమెతో మాట్లాడడం మానేశాడు. పండక్కి పిలుపు రాలేదు.

అలా మూడో ఏడు ఆగస్టులో నీళ్ళు కాగినట్టయ్యాయి. రేవులో ఆల్చిప్పలు తాళ్ళ మీదే నోళ్ళు తెరిచి చచ్చాయి. గాలి ఇటు తిరిగితే ఆ కుళ్ళు వాసన ఒడ్డున హోటళ్ళదాకా వచ్చేది. బతికున్నవాటినైనా లోతుకు, చల్లటి నీటిలోకి దించాలని బీయెల్ రోజూ తెప్ప కిందికి మునిగేవాడు. అరవై ఒక్కేళ్ళవాడు, ఒంటరిగా. ఒకరిని తోడు పెట్టుకోమని తోనియా పోరితే, చచ్చిన చిప్పలకి పాడె మోసేవాళ్ళెందుకని కసిరాడు.

ఆ మంగళవారం రేవులో రెండు పెద్ద ఓడలున్నాయి. పన్నెండు గంటల లాంచీ తెప్ప దగ్గరికి వచ్చేసరికి బీయెల్ పడవ కట్టేసి ఉంది. మేకుకి చొక్కా వేలాడుతోంది. మనిషి లేడు.

ఉర్సులా ఆ చొక్కా వైపు రెండోసారి చూసింది. వంద మొహాలు ఆమె వైపు ఎదురుచూస్తున్నాయి. "ఇవాళ వీపు కూడా దాచేశాడండోయ్!" అంది. నవ్వారు. నీతో అనే సరంగు మాత్రం తన గదిలోంచి ఒకసారి తిరిగి చూశాడు. లాంచీ ముందుకు పోయింది.

రెండు గంటల లాంచీలో వెళ్ళినప్పుడు చొక్కా అలాగే ఉంది. నీడ తొలగిపోయి భోజనం డబ్బా ఎండలో పడి ఉంది. ఉర్సులా మైకు పెట్టేసి సరంగు గదికి పరుగెత్తింది.

"నీతో, తెప్ప పక్కకి పోనీ."

"మోకులు లాంచీ కింద ఫ్యానుకి చుట్టుకుంటాయమ్మా. ఇంతమంది జనం..."

"పోనీ అంటున్నానా!"

సరంగు ఇంజను ఆపి, ఉన్న ఊపుతో మెల్లగా జరిపాడు. ఉర్సులా అంచుమీద వంగి, "అన్నా! అన్నా!" అని అరిచింది. అప్పుడు కింద గాజు కిటికీల దగ్గర మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, ఉర్సులా చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళింది.

గాజు అవతల పచ్చటి నీటిలో, తాళ్ళ మధ్య బీయెల్ నిలబడినట్టే ఉన్నాడు. ఒక తాడు ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుంది. నెరిసిన జుట్టు నీటితోపాటు కదులుతోంది. ఎవరో ఫోను పైకెత్తారు. ఉర్సులా రెండు చేతులూ చాచి గాజుకి అడ్డంగా నిలబడి, "చూడకండి! చూడకండయ్యా!" అని అరిచింది. నాలుగు భాషల మనిషికి ఆ క్షణంలో అమ్మ భాష ఒక్కటే మిగిలింది. ఎవరికీ మాట అర్థం కాకపోయినా ఫోను దిగింది.

గుండె ఆగిందన్నారు డాక్టరు. ముందు గుండె ఆగిందా, ముందు తాడు పట్టుకుందా అన్నది తేలలేదు. ప్రాణం పోయింది పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య. ఆ రెండు అంకెల నడుమ ఏముందో ఉర్సులాకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. సమాధుల దగ్గర జనం వచ్చి చెయ్యి కలిపి వెళ్తుంటే, ఆమె ప్రతివాళ్ళ కళ్ళల్లోకీ చూసింది, పన్నెండింటి లాంచీ సంగతి ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు. ఆ మర్నాడే లాంచీ పని మానేసింది.

తెప్ప ఖాళీ చేయాలని రేవు అధికారుల నుంచి కాగితం వచ్చింది. నవంబరులో తోనియా ఒక్కతే పడవ వేసుకుని వెళ్తోందని తెలిసి, ఉర్సులా పిలవకుండానే పోయి ఎక్కింది. ఇద్దరూ రెండు వారాలు తాళ్ళు లాగారు. ఒక్కో తాడూ మనిషంత బరువు. చచ్చిన చిప్పలు గీకి నీళ్ళలోకి తోసేవాళ్ళు. తోనియా రొట్టె, సొబ్రసాద అనే పంది మాంసం తెచ్చి సగం ఇచ్చేది. అవసరమైన మాట తప్ప ఆడేది కాదు.

పదో రోజున ఆమె కత్తి ఆపకుండానే అడిగింది.

"నిజం చెప్పు. పన్నెండింటికి వచ్చినప్పుడు నీకు అనుమానం రాలేదూ?"

ఉర్సులా చేతిలో తాడు ఆగింది. రాలేదంటే సరిపోయేది.

"వచ్చింది."

"మరి?"

"అప్పటికే అందరూ నావైపు చూస్తున్నారు వదినా. ఆ మాట అనేశాను. నవ్వారు. లాంచీ పోయింది."

తోనియా కత్తి కింద పెట్టింది. లాజరెట్ గోడ వైపు తిరిగి చాలాసేపు కూర్చుంది. గాలి లేచి పడవ తెప్పకి కొట్టుకుంటున్నా లేవలేదు. ఉర్సులా ఆమె దగ్గరికి వెళ్ళలేక, క్షమించమని అడగలేక నిలబడింది. చివరికి తోనియా ముక్కు తుడుచుకుని, "ఆ తాడు ఇటు లాగు. చీకటి పడుతుంది" అంది.

మిగిలిన నాలుగు రోజులూ అలాగే పనిచేశారు. డిసెంబరులో ఒక మోటారు పడవ వచ్చి ఖాళీ తెప్పని లాక్కుపోయింది.

ఉర్సులా ఇప్పుడు చేపల మార్కెట్లో ఒక కొట్టు దగ్గర చేపలు శుభ్రం చేస్తోంది. శనివారాలు తోనియా వస్తుంది. పక్క కొట్లో కొంటుంది. వెళ్ళేటప్పుడు "ఒంట్లో బాగుందా?" అని అడుగుతుంది. "బాగుంది వదినా" అంటుంది ఉర్సులా. తోనియా సంచీ భుజం మార్చుకుని మెట్లు దిగి వెళ్ళిపోతుంది.