అమ్మిరాజుగారు పెట్టిన హుక్కు

అమ్మిరాజుగారికి తెలియని విషయం లేదు. నమ్మకపోతే ఆయన్నే అడగండి. అమలాపురంలో మేడమీదున్న మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి ఆయనే టీమ్ లీడ్. మేం చేసేది రొయ్యల చెరువుల యాప్. కరెంటు పోయి, నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోతే రైతు ఫోను మోగుతుంది. లీడ్ గారు ఏడాదిగా ఒక్క లైను కోడు రాయలేదు. పొద్దున్నే వచ్చి కంప్యూటర్లకి అగరొత్తులు తిప్పి, సాయంత్రందాకా సలహాలిస్తారు.

పోయిన వారం ఒక అప్‌డేట్ పాడైంది. దానికి విరుగుడుగా ఆయన అందరి కంప్యూటర్లలో ఒక హుక్కు పెట్టారు. మార్పుని కమిట్ చేసేముందు, అంటే ఖరారు చేసి పంపేముందు, దానంతటదే నడిచే చిన్న తనిఖీని హుక్కు అంటారు. దానికి నచ్చితేనే మార్పు రైతులదాకా వెళ్తుంది. అందులో ఏం రాశారని ఎవరూ అడగలేదు. అడిగితే ఉపన్యాసం వినాలి కాబట్టి మావాళ్లు ఆయ్ అని ఊరుకుంటారు. అప్పట్నుంచి కమిట్ నొక్కితే అప్పుడప్పుడు మార్పుల్ని పంపే క్లయింటు ప్రోగ్రాం తెరమీద ఎర్రగీత వచ్చేది. కారణం కనిపించేది కాదు. టీ తాగొచ్చి నొక్కితే వెళ్లిపోయేది. నెట్ బాగోలేదనుకుని సరిపెట్టుకున్నారు ఈ ఇంజనీర్లు.

మంగళవారం ఫోను మోగించే భాగమే పనిచేయడం లేదని తేలింది. మా ఇంజనీరు లక్ష్మీతులసి మూడింటికల్లా తప్పు పట్టుకుని సరిచేసింది. కమిట్ నొక్కితే ఎర్రగీత. బయట రెండ్రోజులుగా ముసురు. అల్లవరంలో చెరువున్న సాలమోనుగారు, భార్య ఎలీసమ్మగారిని ఆసుపత్రిలో చేర్పించి అమలాపురంలోనే ఉన్నారు, చెరువుని మా యాప్ మీద వదిలేసి. ఆ సంగతి తులసికి తెలుసు.

"హుక్కు ఆపుతున్నట్టుందండీ. ఒకసారి తెరిచి చూస్తాను," అంది.

"హుక్కు నేను రాసిందమ్మా. తప్పంతా క్లయింటుది. తీసేసి మళ్లీ ఎక్కించండి," అన్నారు అమ్మిరాజుగారు.

ఎక్కించింది. లాభం లేదు. పాస్‌వర్డు మార్పించారు. కంప్యూటర్ ఆపి వేయించారు. వైరు పీకించి దుమ్ము ఊదించారు. నాలుగున్నర దాటాక కమిట్ వెళ్లిపోయింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అనుభవం అంటే ఇదండీ," అన్నారు. మావాళ్లు ఆయ్ అన్నారు. నాకు ఒళ్లు మండింది.

ఈలోగా అల్లవరంలో కరెంటు పోయింది. సాలమోనుగారి ఫోను మోగలేదు. జనరేటర్ వేయమని చెప్పేవాళ్లు లేక సగం రొయ్యలు చచ్చి తేలాయి.

మర్నాడు తులసి ఎవర్నీ అడక్కుండా హుక్కు తెరిచింది. పట్టుమని పది లైన్లు లేవు. గడియారం చూసి, రాహుకాలమైతే కమిట్‌ని ఆపేయమని ఉంది. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర. ఎందుకు ఆపుతుందో తెరమీద చూపించాలని మాత్రం ఆ బుర్రకి తట్టలేదు.

అప్పుడే సాలమోనుగారు మందుల కవరుతో లోపలికొచ్చారు. తులసి లేచి నిలబడింది.

"మీ రొయ్యలు మావల్లే పోయేయండీ. నిన్న ఫోను మోగకుండా చేసింది ఇదేనండీ," అని రాహుకాలం సంగతంతా చెప్పింది.

ఆయన తెర వైపు చూశారు. "మేం రాహుకాలాలు చూడమండీ. మా చెరువుక్కూడా ఉంటదాండీ?" అన్నారు.

అమ్మిరాజుగారు తడుముకోలేదు. "హుక్కు ఆపబట్టే సగమైనా మిగిలేయండీ. ఆ టైములో పంపుంటే మొత్తం పోయేయి."

సిగ్గులేని మనిషిని అంత దగ్గర్నుంచి చూడటం నాకదే మొదలు.

"ఆయ్ అండీ," అన్నారు సాలమోనుగారు. కవరు పట్టుకుని మెట్లు దిగి ఆసుపత్రికి వెళ్లిపోయారు.

"చూసేరా? ఆయనకి అర్థమైంది," అన్నారు అమ్మిరాజుగారు మావైపు తిరిగి.

ఈసారి ఎవరూ ఆయ్ అనలేదు. తులసి హుక్కుని తీసిపారేసింది. లీడ్ గారు గడియారం చూసుకున్నారు. బుధవారం పన్నెండు దాటితే బయల్దేరకూడదని, కాస్త ముందే భోజనానికి లేచారు.