వెంకటరత్నం బావ కట్టిన జంటదోనె

మా బావ వెంకటరత్నం గారు కన్నుమూశారన్న వార్త నాకు తరగతి గదిలో అందింది. కొత్తగూడెం హైస్కూల్లో తొమ్మిదో తరగతికి సమాసాలు చెబుతున్నాను. అటెండరు గుమ్మంలో నిలబడి, "సార్, మీ అక్కగారి ఊరి నుంచి ఫోనొచ్చింది. మీ బావగారు పొద్దున్నే చనిపోయిండట" అన్నాడు. నేను తల ఊపి, "సరే, పీరియడ్ అయినంక మాట్లాడుత" అన్నాను. అని, బోర్డువైపు తిరిగి విగ్రహవాక్యం పూర్తిగా రాశాను. సుద్దముక్క కింద పెట్టాక గానీ అటెండరు అన్న మాట తలకెక్కలేదు. పిల్లలు నావైపు ఎలా చూశారో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ దిగ్భ్రమ ఈ ఇరవై రోజుల్లో తగ్గలేదు. బావతో వర్క్‌షాపులో పనిచేసిన మిత్రులు ఒక చిన్న సంచిక వేస్తున్నాం, నాలుగు పేజీలు రాయండి పంతులుగారూ అన్నారు. సరేనన్నాను. కాగితం ముందు కూర్చుంటే, ఈయన ఎవరు, నాకు నిజంగా తెలుసా అన్న సందేహం పట్టుకుంది. ముప్పై ఏళ్ళ బంధుత్వం తర్వాత ఇదేం ప్రశ్న అని మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

బావది కోనసీమ కాలువగట్టు. పెళ్ళికాని వయసులోనే బొగ్గుగనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరారు. నేలకొండపల్లి దగ్గర మా ఊరికి వచ్చి మా సుభద్రక్కను చేసుకున్నారు. డెబ్బైల చివర్లో, ఇంకా సర్వీసు ఉండగానే, ఉద్యోగం వదిలేసి భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున ఓ చిన్న పల్లెలో ఇల్లు కొన్నారు. ఎందుకు వదిలేశారని అక్క అడిగితే, "గాలి కోసం" అన్నారట. భూగర్భయంత్రాల మధ్య అర్ధజీవితం గడిపిన మనిషి కదా అని నేను సమర్థించాను. ఆయన మాత్రం నిజంగానే గాలి గురించి మాట్లాడారు. ఏటికి ఎదురు గాలి ఏ నెలలో వీస్తుందో, ఎన్ని గంటలకు మొదలవుతుందో ముందే కనుక్కుని వచ్చారు.

ఆ గాలికి తెరచాప ఎత్తడానికి ఆయన కట్టినదే జంటదోనె. తాటిమాను తొలిచి చేసిన రెండు దోనెలను ఎడంగా పక్కపక్కన పెట్టి, మూడు అడ్డకర్రలతో కలిపి, మధ్యలో వెదురు తడక పరిచి, ముందు కర్ర మీద రెండు నిలువుల ఎత్తు తెరచాప కొయ్య నిలబెట్టేవారు. కొయ్య పడకుండా ముందుకొక తాడు, పక్కలకు రెండు. గాడాగుడ్డతో అక్క కుట్టిన తెరచాప. వెనక చుక్కాని. అంతటికీ కలిపి ఒక్క మేకు లేదు, అన్నీ తాడు కట్లే. "మేకు కొడితే కర్ర మొండికేస్తుంది పంతులూ. తాడైతే సర్దుకుపోతుంది" అనేవారు. నేను తెలుగు పండితుణ్ణి గనక నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు.

దోనెల్లో ఒకటి ఆయన పుట్టిన ఊరి నుంచి లారీ మీద వచ్చింది. రెండోది ఏటి అవతలి కోయగూడెంలో సోమయ్య తొలిచి ఇచ్చాడు. సోమయ్య బావకు నదీతీరంలో దొరికిన ప్రాణస్నేహితుడు. తాటిచెట్టు నరికే రోజున బావ తెల్లవారకముందే గొడ్డలి భుజాన వేసుకుని వెళితే, గూడెం పెద్దలు చెట్టుకు పసుపు రాసి, కోడిని కోసి, చెప్పుకోవలసినవి చెప్పుకునే దాకా మధ్యాహ్నమైంది. వర్క్‌షాపులో పది నిమిషాలు ఆలస్యమైతే మనిషిని కడిగేసే మా బావ ఆ పూటంతా గొడ్డలి పక్కన పెట్టి, చెప్పులు విప్పి, మట్టిలో కూర్చున్నారట. ఆ చెట్టు కొంచెం పెద్దది. అందుకని సోమయ్య దోనె మూరెడు పొడుగొచ్చింది. కోసిపారేయమని ఎందరు చెప్పినా బావ వినలేదు. "అంత మొక్కి ఇచ్చింది, కొయ్యడానికి నేనెవణ్ణి?" అన్నారు.

ఏటా వరదకు ముందు దోనెను కట్టుకట్టూ విప్పి ఇంటికి చేర్చేవారు. దసరా వెళ్ళాక మళ్ళీ కట్టేవారు. ఇక్కడే నాకు ఆయన అంతుపట్టరు. వర్క్‌షాపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇరుసును వెనక్కి పంపిన మనిషి, ఏటిదగ్గర కొలబద్ద ముట్టేవారు కాదు. అన్నీ తన మూర, తన జాన, తన బెత్త. ఒకసారి నేను టేపు కొనుక్కెళ్ళి సగర్వంగా చేతిలో పెట్టాను. "ఇది మీ డ్రిల్లుమాస్టారుకి ఇయ్యి, లాంగ్‌జంప్‌కి పనికొస్తుంది" అన్నారు. పోనీ కర్రల మీద రంగుతో గుర్తులు పెడదామంటే, "గుర్తులు పెడితే చెయ్యి బద్ధకిస్తుందయ్యా" అని కోప్పడ్డారు. రెండూ ఒకే మనిషి ఎలా అయ్యారో నేను చెప్పలేను.

కట్టే పనిలో నాకూ ఒక స్థానం ఉండేది. కొయ్య ఎత్తేటప్పుడు దాని తలకు నాలుగో తాడొకటి కట్టి, రెండో కొస నా చేతిలో పెట్టి, ఇసుకలో పాతిక అడుగుల వెనక నిలబెట్టేవారు. "బిగించి పట్టుకో. నువ్వు వదిలావంటే కొయ్య నా నెత్తిన పడుతుంది, మీ అక్క బొట్టు నీ చేతిలో ఉంది" అనేవారు. నేను గంటా గంటన్నర ఎండలో కదలకుండా నిలబడేవాణ్ణి. ఊరికే నిలబడలేక పద్యాలు చదివేవాణ్ణి. ఆయన కట్లు కడుతూ "ఊఁ, తర్వాత?" అనేవారు. పద్నాలుగేళ్ళు నేను దసరా తర్వాతి ఆదివారాలు ఆ తాడుకే అంకితం చేశాను. స్టాఫ్‌రూమ్‌లో "జంటదోనె మేమిద్దరం కడతాం" అని చెప్పుకున్నాను కూడా.

ఈ ఏడు దసరా వెళ్ళిన నాలుగో రోజున, కొబ్బరితాళ్ళు తొట్టిలో నానేసి, పక్కనే కుర్చీలో కూర్చుని, గుండెలో నొప్పి అన్నారట. దవాఖానాకు బండి మాట్లాడేలోపే అయిపోయింది. నేను వెళ్ళేసరికి వాకిలి నిండా దోనె భాగాలు పరిచి ఉన్నాయి. వాటి మధ్య నుంచే ఆయన్ను బయటికి మోశాం.

మర్నాడు అక్క నన్ను లోపలికి పిలిచింది. "తమ్మీ, ఆయన ఒక్కటే అడిగిండు. నా అస్థికలు గట్టు మీంచి ఇసిరెయ్యొద్దు, మన దోనెల తీస్కపోయి, చాప ఎత్తి, నడి గోదాట్ల కలపమన్నడు. నువ్వే కలపాలె సుభద్రా అన్నడు" అంది. నేను నిర్ఘాంతపోయాను. అక్క ఆ దోనె ఏనాడూ ఎక్కలేదు. ఏటా ఆయన రమ్మనడం, ఈమె "వచ్చే యేడు సూద్దాం తియ్యి" అనడం నా చెవులతో విన్నదే. "పదో దినానికల్ల కట్టాలె. నీకు తెలుసు గద?" అని అడిగింది. "అవ్ అక్కా, పద్నాలుగేండ్ల నుంచి కడుతున్నం గద" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నేను అబద్ధమాడుతున్నానని నాకు తెలియదు.

వాకిట్లోకి వెళ్ళి చూస్తే కర్రలు కర్రల్లా, తాళ్ళు తాళ్ళలా ఉన్నాయి. ఏది దేని మీదికి వస్తుందో తోచలేదు. ఇంతకాలం నేను కొయ్య తలకాయనే చూశాను, ఆయన చేతుల్ని చూడలేదు. నాకో నోటుబుక్కు ఉంది, బావ పనితీరంతా అందులో రాసిపెట్టాననే ధీమా. సంచీలోంచి తీసి విప్పాను. "గోదావరీ తరంగాల మీద బాలభానుని అరుణకిరణాలు నర్తిస్తుండగా" అని మొదలై ఆరు పేజీలు నడిచింది. ఏ తాడు ఏ కర్రకో ఒక్క ముక్క లేదు. ఛీ, నా పాండిత్యం తగలెయ్యా అనుకున్నాను.

సోమయ్యకు కబురు పెడితే మర్నాడే వచ్చాడు. వాకిలి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత తొట్టిలో తాళ్ళు తీసి చేతికి చుట్టుకుని, "ఏటి కాడికి మోద్దాం పట్టు పంతులు" అన్నాడు. కట్లు అతనికి వచ్చు, కొలతలే రావు. మధ్య ఎడం బావ మూరతో నాలుగని ఇద్దరికీ గుర్తుంది. నా మూర పొట్టి, సోమయ్యది ఇంకా పొట్టి. చివరికి అక్క లోపలి నుంచి బావ పొడుగుచేతుల చొక్కా తెచ్చిచ్చింది. మోచేతి దగ్గర చిరిగి మాసిక వేసింది గనక అక్కడి నుంచి కొలిచి, అరచెయ్యి అందాజుగా కలుపుకున్నాం. ఆ చొక్కాను కర్ర మీద పరిచి కొలుస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. సోమయ్య అటు తిరిగి తాడు దులుపుతూ ఉండిపోయాడు.

పెద్ద చిక్కు దోనెల దగ్గర వచ్చింది. ఒకటి మూరెడు పొడుగు కదా, మరి ముందు కొసలు సమానంగా పెట్టేవారా, వెనక కొసలా? "ముందరియే" అన్నాను నేను. "కాదు, ఎనకయి. చుక్కాని కాడ సమం ఉండాలె" అన్నాడు సోమయ్య. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా వాదించుకున్నాం. ఇద్దరమూ కళ్ళు మూసుకుని ఆయన్ను తలుచుకున్నాం. నాకు ముందు కొసలు కనిపించాయి, అతనికి వెనక కొసలు కనిపించాయి. ఆఖరికి నా మొండితనం చూసి అతనే తగ్గాడు. ముందు కొసలు కలిపి కట్టాం.

కొయ్య ఎత్తే వేళకు నేను అలవాటుగా నాలుగో తాడు పట్టుకుని పాతిక అడుగులు వెనక్కి నడిచాను. తిరిగి చూసేసరికి సోమయ్య కొయ్యను భుజానికి ఆనించి ఒంటిచేత్తో నిలబెట్టేశాడు. నా చేతిలో తాడు వదులుగా వేలాడుతోంది.

"ఇదేంది సోమయ్యా, నేను బిగబట్టకముందే ఎట్ల నిలబడ్డది?"

"అది ఎప్పుడైనా గట్లనే నిలబడతది. ఆ తాడుతో ఏం పని లేదు పంతులు."

"మరి నాతో ఇన్నేండ్లు ఎందుకు పట్టించిండు?"

సోమయ్య కొంచెం నసిగాడు. "మా బామ్మర్దికి ఏ పనీ చేతగాదన్నడు. ఆ మాట మొకాన అంటే మళ్ల రాడన్నడు. రాకపోతే నాకు పొద్దు పోదన్నడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. తాడు ఇసుకలో విసిరికొట్టి గట్టెక్కి కూర్చున్నాను. చచ్చిపోయిన మనిషి మీద అలగడమేమిటని మీరడగవచ్చు. అలిగాను, ఏం చెయ్యను? అక్క మజ్జిగ తెచ్చి సంగతి విని, "సోమయ్యకు ఏం తెలుసు?" అంది. "మొదటి యేడు ఆ కొయ్య జారి ఆయన భుజం మీద పడ్డది. నెల రోజులు చెయ్యి లేవలేదు. నా తమ్ముడు తాడు పట్టుకోంది నువ్వు కొయ్య ఎత్తినవంటే నా మీద ఒట్టే అని నేనే అన్న. అందుకే నిన్ను పిలిచేటోడు" అంది. ఆ దెబ్బ సంగతి ఇద్దరూ ఇన్నేళ్ళూ నా దగ్గర దాచారన్నమాట. నేను లేకపోతే కొయ్య పడుతుందని ఆయన మాట. తోడు కోసమని సోమయ్య మాట. ఒట్టు కోసమని అక్క మాట. మూడూ వెంకటరత్నం బావకు తగినవే, ఏది నిజమో నేను ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను.

పదోనాడు ఉదయం తెరచాప ఎత్తాం. ఆయన చెప్పిన వేళకే గాలి వచ్చింది. అక్క మట్టికుండ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని తడక మీద కూర్చుంది. సోమయ్య చుక్కాని పట్టాడు. దోనె కదిలింది. గుడ్డ గాలి పోసుకుని, తాళ్ళు బిగుసుకుని, ఇసుక వెనక్కి జరగడం మొదలైతే, మహానుభావా, ఇదా నీ ఆనందం అనుకున్నాను. కాస్త దూరం పోయాక దోనె ఎడమకు లాగసాగింది. సోమయ్య చుక్కాని మీద బలమంతా పెట్టినా మళ్ళీ ఎడమకే. "నేను చెప్పలే? ఎనక కొసలు కలపాలె. ఒడ్డుకు తిప్పి మళ్ల కడదామా అమ్మా?" అన్నాడు.

అక్క కళ్ళు తెరిచింది. నీళ్ళవైపు, తెరచాపవైపు, మళ్ళీ నీళ్ళవైపు చూసింది. "వద్దు. గిట్లనే పోనియ్" అంది. కుండ మూతికి కట్టిన గుడ్డ విప్పి, దోసిలితో తీసి, దోనె అంచు మీంచి వంగి మెల్లగా వదిలింది. ఒక్కో దోసిలీ నీళ్ళు కడుపులో పెట్టుకున్నట్టు తీసుకున్నాయి. తర్వాత ఖాళీ కుండను కూడా వదిలేసింది.

యంత్రాలతో మాట్లాడగలిగిన ఫిట్టరు, చెట్టు ముందు చెప్పులు విప్పిన పెద్దమనిషి, నాలాంటి చేతకానివాడికి పద్నాలుగేళ్ళు పని ఉందనిపించిన బావ అలా గోదావరిలో కలిశారు. ఆయనకు నమస్కరించడానికి నేను నేర్చిన సంస్కృతం చాలదు.

చెయ్యి కడుక్కుని అక్క మమ్మల్నిద్దర్నీ చూసింది. "ఆయన కట్టినప్పుడు గూడ గిట్లనే పక్కకు పోయేదా తమ్మీ?" అని అడిగింది.

"లేదక్కా, నిలువునే పోయేది" అన్నాను నేను.

"లేదమ్మా, అప్పుడూ ఎడమకే లాగేది. ఆయన ఎట్లనో పట్టుకునేటోడు" అన్నాడు సోమయ్య.

మాలో ఎవరి మాట సరో చెప్పగలిగిన ఒక్క మనిషిని అక్క అప్పుడే నీళ్ళలో వదిలేసింది.