డల్లాస్‌లో గొంతెత్తిన రోసా

ఎనభైల మొదట్లో డల్లాస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉండే మా తమ్ముడింటికి హ్యూస్టన్ నుంచి బస్సులో బయల్దేరాను. పక్క సీట్లో రోసా అనే మెక్సికో ఆవిడ కూర్చుంది. ఒళ్లో స్పానిష్ మాట్లాడేవాళ్ల కోసం రాసిన ఇంగ్లీషు వ్యాకరణం. అందులోని ఖాళీలన్నీ తప్పు లేకుండా నింపింది. పేరడిగితే మాత్రం నోరు విప్పక, అట్ట మీద రాసుకున్నది వేలితో చూపించింది.

గుంటూరు కాలేజీలో ఇరవై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఊరుకుంటానా? ఎక్కాల్లాగా వల్లె వేయించాను. “ఐ యామ్, యూ ఆర్, ఇట్ ఈజ్” అని ఇద్దరం గొంతెత్తాం.

ముందు సీటాయన తిరిగి, “మేడమ్, కాస్త మెల్లగా” అన్నాడు.

“మీకు పుట్టుకతో వచ్చింది. ఈవిడకి డల్లాస్ చేరేలోగా రావాలి,” అన్నాను.

డల్లాస్‌లో దిగి చూస్తే రోసా సంచి లేదు. మర్నాడు పనిలో చేరడానికి కావలసిన కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. కౌంటర్లో మనిషి ఆమెను వదిలేసి, “ఈవిడకేం కావాలి?” అని నన్నడిగాడు. పోట్లాటకి నేను సిద్ధమవుతుంటే రోసా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“నో, మాయెస్త్రా,” అంది. పంతులమ్మా అని.

తర్వాత అతనికేసి తిరిగి, వల్లె వేసిన గొంతుతోనే, “ఐ యామ్ రోసా. ఇట్ ఈజ్ మై బ్యాగ్. యూ ఆర్ ద బస్ మ్యాన్,” అంది.

అతను వెళ్లి బస్సు కింది అరలోంచి సంచి వెతికి తెచ్చాడు. కళ్లముందు తగువు జరుగుతుంటే నేను నోరు మూసుకుని నిలబడ్డది ఆ ఒక్కసారే. వెనకే నిలబడ్డ ముందు సీటాయన ఈసారి “కాస్త మెల్లగా” అనలేదు.