బియ్యం మామ్మ కళ్లెత్తు కిటికీ

ఆ రోజుల్లో గీత గీస్తే గీసినట్టే. పెన్సిలు ఒకసారి కాగితం మీద పడ్డాక ఎంత చెరిపినా దాని మచ్చ మిగిలేది. ఇప్పుడు మా మనవరాలు కంప్యూటర్ తెర మీద గోడల్ని వేలితో అటూ ఇటూ జరిపేస్తుంటే చూస్తూ కూర్చుంటాను. గోడలు అంత తేలిగ్గా జరిగేవైతే నా పడుచుతనంలో ఒక ఏడాదంతా పళ్లు నూరుకోవాల్సిన పని ఉండేది కాదు. పెన్సిలు మచ్చల్లాగే కొన్ని కోపాలూ చెరగవు. వయసు మీద పడితే అన్నీ మరచిపోయి నవ్వుకుంటామని పెద్దలు అంటారు. నేను నవ్వుకున్నాను, కానీ మరచిపోలేదు. ఆ రెండూ వేరు వేరు పద్దులు.

నేను ఉద్యోగంలో చేరింది అమెరికా అధ్యక్షుడు నిక్సన్ గద్దె దిగిపోయిన వేసవిలో. (వేసవి అంటే ఆగస్టు. తారీఖుల విషయంలో నేను మొహమాటపడను.) మావారు చదువుకుంటున్నారు. నాకు హైదరాబాదులో చదివిన ఆర్కిటెక్చర్ డిగ్రీ ఉంది, కానీ కాలిఫోర్నియాలో ఆ చిన్న ఊళ్లో దాన్ని ఎవరూ తిప్పి చూడలేదు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఆర్కిటెక్టు నన్ను ప్లాన్లు గీసే పనికి పెట్టుకున్నాడు. ఉద్యోగం పేరు డ్రాఫ్ట్స్‌మన్. అందులో చివరి ముక్క నాకు నప్పదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆయన మెడకు ఎప్పుడూ చిన్న బో టై ఉండేది, అందుకని ఇంట్లో మేం ఆయన్ని బోటై దొర అనుకునేవాళ్లం. మనిషి చెడ్డవాడు కాదు. తనకు తెలియనిది లోకంలో లేదనుకునే రకం, అంతే. చెడ్డవాడైతే నాకు ఇంకొంచెం సుఖంగా ఉండేది, హాయిగా తిట్టుకునేదాన్ని.

ఆ ఊళ్లో జపాను వాళ్లకు ఒక హాలు ఉండేది. తాతల నాడు స్ట్రాబెర్రీ తోటల్లో పనికి వచ్చినవాళ్లు సొంత చేతులతో కట్టుకున్న చెక్క హాలు. తలుపు తియ్యగానే పల్లంగా కొంచెం నేల, అక్కడ చెప్పులు విడిచే చోటు, పక్కన చెప్పుల అరలు, ఆపైన ఒక మెట్టెత్తులో అద్దంలాంటి చెక్క నేల. ఒక చివర స్టేజి, రెండో చివర వంటగది. ఆదివారం పిల్లలకు జపాను బడి, శనివారం ముసలివాళ్ల చదరంగం, కొత్త సంవత్సరానికి రోట్లో అన్నం దంచి ఉండలు చెయ్యడం, వేసవిలో నాట్యాలు, ఎవరైనా పోతే భోజనాలు, అన్నీ అక్కడే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం వాళ్లందర్నీ శిబిరాలకు తరలించినప్పుడు కుర్చీలూ మంచాలూ పెళ్లి బట్టల పెట్టెలూ ఆ హాల్లోనే పెట్టి తాళం వేసి వెళ్లారట. తిరిగొచ్చాక ఇళ్లు లేనివాళ్లు అందులోనే పడుకున్నారట. అలాంటి హాలు చెదలు పట్టి కుంగిపోతే, తీసి కొత్తది కట్టాలని బోటై దొర దగ్గరికి వచ్చారు.

"నువ్వు వెళ్లి కొలతలు తీసుకురా. నువ్వూ అటువైపు దానివే కదా, వాళ్లు చెప్పేది నీకు అర్థమవుతుంది" అన్నాడు దొర.

మా దేశానికీ వాళ్ల దేశానికీ మధ్య ఎన్ని దేశాలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. ఆయన వింటూనే కారు తాళాలు వెతుక్కున్నాడు.

హాల్లో నాకు ఎదురైంది బియ్యం మామ్మ. ఆ పేరు నేను పెట్టిందే. వంటగది ఆడవాళ్లకు ఆవిడ పెద్ద. నేను టేపు పట్టుకుని లోపలికి వచ్చేసరికి గంగాళమంత గిన్నెలో బియ్యం కడుగుతోంది. గుమ్మం దగ్గర నేను చెప్పులు విడిచి, వాటి ముక్కులు బయటివైపుకు తిప్పి పెట్టడం చూసింది. (మా నాయనమ్మ చేయించిన అలవాటు. వెళ్లేటప్పుడు తడుముకోకూడదని.) ఆవిడ అలాగే కాసేపు నా చెప్పుల వంక చూసి, "టీ తాగుతావా?" అంది. ఉద్యోగంలో చేరాక ఒక మనిషి నన్ను మనిషిలా చూసింది అదే మొదలు.

టీ తాగుతూ అడిగాను. "కొత్త హాల్లో మీకేం కావాలి మామ్మా?"

"పెద్ద సింకు" అంది. తర్వాత చాలాసేపు బియ్యం కడిగి, "ఈ గోడ వద్దు" అంది.

వంటగదికీ హాలుకూ మధ్య గోడ అది. స్టేజి మీద ఏం జరిగినా వంటగదిలోవాళ్లకు వినపడటమే తప్ప కనపడదు. నలభై ఏళ్లుగా ఆవిడ ఒక్క నాట్యమూ చూడలేదు. కూతురు ఆడినప్పుడూ చూడలేదు, ఇప్పుడు మనవరాలు ఆడుతోంది.

"చప్పట్లు పడితే అయిపోయిందని తెలుస్తుంది. అప్పుడు సూపు పొయ్యి మీద పెడతాం."

నాకు మా పిన్ని గుర్తొచ్చింది. మా అక్క పెళ్లిలో పిన్ని వంటశాల దాటి రాలేదు. ఉదయం నుంచీ కొంగుకు అక్షింతలు ముడేసుకుని తిరిగింది. గట్టిమేళం వినపడగానే గరిటె కింద పెట్టి, ముడి విప్పి, మండపం ఎటుందో చూసుకుని గోడకేసి అక్షింతలు చల్లి, "చల్లగా ఉండండమ్మా" అని మళ్లీ గరిటె అందుకుంది. ఈ ముక్క నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మామ్మ పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుంది. నవ్వి తుడుచుకుందో, దేనికి తుడుచుకుందో నేను అడగలేదు.

ఆ రోజు తీసిన కొలతలన్నిటిలోకీ ముఖ్యమైనది చివర తీశాను. మామ్మను గోడకు ఆనించి నిలబెట్టి నేల నుంచి ఆవిడ కళ్ల ఎత్తు కొలిచాను. నాలుగడుగుల ఆరంగుళాలు. దానికి ఒక జానెడు దిగువన గడప ఉండేలా, వంటగది గోడకు స్టేజికి సరిగ్గా ఎదురుగా ఒక పొడవాటి కిటికీ గీశాను. జరిపే చెక్క తలుపులు, కింద గిన్నెలు అందించే బల్ల. బియ్యం కడుగుతూ తలెత్తితే చాలు, స్టేజి కనపడుతుంది.

బోటై దొర రబ్బరు తీసి కిటికీ చెరిపేశాడు.

"ప్రశాంతత!" అన్నాడు. "జపాను అంటే ప్రశాంతత. ఖాళీ గోడ ఉండాలి. గిన్నెల చప్పుడు, చేపల వాసన హాల్లోకి రాకూడదు." అప్పటికి ఆయన జపాను హోటల్లో రెండుసార్లు తిన్నాడు. ఆ అనుభవంతోనే వంపు తిరిగిన పైకప్పు, ఎర్రరంగు ద్వారం, చేపల కుంటా, కుంట మీద వంతెనా గీశాడు. వంతెన దిగితే నేరుగా చెత్త డబ్బాల దగ్గరికి వెళ్తుంది. ఆ సంగతి నేను చెబితే, "డీటెయిల్స్ తర్వాత" అన్నాడు.

ప్లాను చూపించిన రోజు హాలు కమిటీ మగవాళ్లు తలలూపి టీ తాగారు. ఎవరూ కాదనలేదు. దొర విజిల్ వేసుకుంటూ కారెక్కాడు. "సార్, వాళ్లకు నచ్చలేదు. మావైపు పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్ల బాగుందని, కాఫీ బాగుందని, వెళ్లి ఉత్తరం రాస్తామని లేస్తారు. ఆ ఉత్తరం ఎప్పటికీ రాదు" అన్నాను. "నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తావు" అన్నాడు.

ఉత్తరం రాలేదు కానీ ఆహ్వానం వచ్చింది. పాత హాల్లో చివరి వేసవి నాట్యాలకు ఆయన్ని ముఖ్య అతిథిగా రమ్మన్నారు. కొత్త బో టై కట్టుకుని వచ్చాడు. బియ్యం మామ్మ స్వయంగా ఎదురొచ్చి, వంగి నమస్కారం చేసి, ఆయన్ని తిన్నగా వంటగదిలోకి తీసుకెళ్లింది. అక్కడ గోడ పక్కన మెత్తటి దిండు వేసిన కుర్చీ ఉంది. కూర్చోబెట్టారు. పళ్లెం నిండా వడ్డించారు. ఆయన మురిసిపోయి నా చెవిలో, "చూశావా, వీళ్ల పద్ధతిలో ఇదే పెద్ద గౌరవం అయ్యుంటుంది" అన్నాడు.

అవతల డప్పు మోగింది. గోడకు ఇవతల దొర మెడ చాచాడు. జనం గొల్లున నవ్వారు.

"ఏమైంది? ఎందుకు నవ్వుతున్నారు?"

"తెలియదండీ" అంది మామ్మ, ఇంకో రొయ్య వడ్డిస్తూ.

మళ్లీ నవ్వులు, ఈలలు, ఎవరో చిన్నపిల్ల కేక. ఆయన లేవబోయాడు. ఇద్దరు ఆడవాళ్లు సూపు గిన్నెతో అడ్డొచ్చారు. "ఇప్పుడేం జరుగుతోంది?"

"మాకెప్పుడూ తెలియదండీ. తినండి."

అలా కార్యక్రమమంతా వినిపించారు. ఆయన నోట్లోకి ఒకటే తిండి, చెవుల్లోకి ఒకటే చప్పట్లు. చివరికి తలుపు సందులో ఒక కన్ను పెట్టి చూడబోతే బో టై గడియకు తగులుకుంది. దాన్ని విడిపించింది నేనే. ఈ జన్మకు ఆ దృశ్యం చాలనుకున్నాను. పథకం మామ్మది, ముడిసరుకు మా పిన్నిది.

మర్నాడు ఉదయం దొర ఆఫీసులో అందర్నీ పిలిచాడు. "రాత్రంతా ఆలోచించాను. నాకో ఐడియా వచ్చింది. వంటగది గోడకు ఒక కిటికీ పెడితే?"

అందరూ నా వంక చూశారు. నేను బల్ల వంక చూశాను. నా గ్రీన్ కార్డు కాగితాలు ఆయన సంతకం కోసం ఆయన బల్ల మీదే ఉన్నాయి. నా పాత షీటు మీద చెరిపిన మచ్చ కనపడుతూనే ఉంది. దాని మీదే మళ్లీ గీశాను, అంగుళం తేడా లేకుండా.

హాలు ప్రారంభం రోజు దొర ముందు వరసలో కూర్చున్నాడు. మామ్మ కిటికీ దగ్గర నిలబడింది. మనవరాలి నాట్యం మొదటి నుంచి చివరిదాకా కదలకుండా చూసింది. నేను ఆత్రంగా, "ఎలా ఉంది మామ్మా?" అన్నాను.

"ఏం బాగాలేదు" అంది. "ఇన్నేళ్లూ వింటుంటే చాలా బాగుందనుకున్నాను." అని, రెండో నాట్యానికి కూడా అక్కడే నిలబడిపోయింది. సూపు మాడింది. ఆ హాల్లో సూపు మాడటం అదే మొదటిసారట.

తర్వాత ఆ కిటికీకి బహుమతి వచ్చింది. దొర ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. కిటికీ గడప ఆ ఎత్తులోనే ఉండటంలో తూర్పుదేశాల తత్త్వం ఉందని ఒకచోట చెప్పాడు. (తత్త్వం కాదు, మామ్మ కళ్లెత్తులోంచి జానెడు తీసివేత.) గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద ఆయన పేరు చెక్కారు. "అది నేను గీసింది కదా సార్" అని ఒక్కసారి అన్నాను. "మనమంతా ఒక టీమ్" అన్నాడు. పలక మీద టీమ్ లేదు. మామ్మ నన్ను ఓదార్చబోయి, "కిటికీ ఉంది కదమ్మా, కిటికీకి పేరెందుకు?" అంది. ఆవిడంటే నాకు ఎంతో గౌరవం. ఆ మాట మాత్రం నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

మామ్మ పోయి చాలా కాలమైంది. వాళ్ల పిల్లల పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. హాలు మరమ్మతులకు డబ్బు కావాలి గనక శని, ఆదివారాలు అద్దెకిస్తున్నారు. మొన్న మార్చిలో అక్కడ మన తెలుగువాళ్ల ఉగాది. మా మనవరాలి నాట్యం ఉందంటే వెళ్లాను. గుమ్మం దగ్గర చెప్పుల అరల్లో వాటర్ బాటిళ్ల పెట్టెలు పేర్చి ఉన్నాయి. అద్దంలాంటి నేల మీద అందరూ బూట్లతో తిరుగుతున్నారు. నేను ఒక్కదాన్నే చెప్పులు విడిచి, ముక్కులు బయటికి తిప్పి పెట్టాను. లోపలికి వచ్చి చూస్తే నా కిటికీ లేదు. దాని స్థానంలో గోడ పొడవునా ఇళ్లమ్మే పెద్దమనిషి ఒకాయన బొమ్మ, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ. బ్యానరు.

అన్ని పనులూ చూస్తున్న ఒకతను మైకు వదలకుండా తిరుగుతున్నాడు. ఆపి అడిగాను. "బాబూ, ఆ బ్యానరు తీయించాలి. వెనక కిటికీ ఉంది."

"ఆంటీ, ఆయన ప్లాటినం స్పాన్సర్ ఆంటీ. తీస్తే ఫీలవుతారు."

"వెనక వంటగదిలో ఆడవాళ్లున్నారు. వాళ్లకు స్టేజి కనపడదు."

"వాళ్లు సర్వింగ్‌లో బిజీ కదాంటీ. వీడియో తీస్తున్నాం, గ్రూప్‌లో పెట్టేస్తం."

"ఆ కిటికీ గీసింది నేను బాబూ."

"అవునా ఆంటీ! సూపర్. పెయింటింగ్ క్లాసులేమన్నా చెప్తరా?" అని మైకులోకి తిరిగి, "నెక్స్ట్ ఐటం రెడీగా ఉండాలె!" అన్నాడు.

సరే, పాత మందే వేద్దామని పళ్లెం నిండా పులిహోర, బొబ్బట్లు పెట్టించి, వంటగదిలో కుర్చీ వేసి అతన్ని కూర్చోబెట్టాను. గోడవతల చప్పట్లు మోగాయి. అతను తలెత్తలేదు. ఒక చేత్తో బొబ్బట్టు, ఇంకో చేత్తో ఫోను. "ఏసీ బాగుందాంటీ ఇక్కడ" అని, తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. బోటై దొర మీద నాకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది. ఆయన కనీసం మెడ చాచాడు.

అప్పుడు అక్కడే వడ్డనకు సాయం చేస్తున్న మా అమ్మాయి సాంబారు గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. "అమ్మా, ఆ పాట పాపదే. స్టార్ట్ అయిపోయింది. ఇప్పుడు అటు తిరిగి వెళ్లేసరికి అయిపోతుంది" అంది. గరిటె కింద పెట్టి గోడవైపు తిరిగింది. మా పిన్ని తిరిగినట్టే.

నేను ఇంకేమీ ఆలోచించలేదు. ఉల్లిపాయలు తరిగే కత్తి తీసుకున్నాను. చెక్క తలుపులు పక్కకు జరిపాను. అవి ఇంకా తేలిగ్గానే జరిగాయి. బ్యానరు వెనుకవైపు తెల్లగా, కాగితంలా నా ఎదురుగా ఉంది. మా అమ్మాయి కళ్లెత్తు చూసుకుని, అడ్డంగా ఒకటి, నిలువుగా రెండు గీతలు, కింద ఒకటి. ఈ వయసులో కూడా గీత వంకర పోలేదు. ముక్క ఊడి అవతల పడింది. అది ఆ పెద్దమనిషి నోరని తర్వాత తెలిసింది.

ఆయన పళ్లుండాల్సిన చోట మా అమ్మాయి ముఖం, దాని పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్ల ముఖాలు. స్టేజి మీద మా మనవరాలు అటు చూసి ఒక అడుగు తప్పింది. తప్పి, నవ్వి, మళ్లీ అందుకుంది. హాలంతా వెనక్కి తిరిగి చూసింది.

"అమ్మమ్మా, నువ్వు కట్ చేసావా? దట్స్ సో కూల్!" అంది మనవరాలు తర్వాత.

"డాన్స్ ఎలా ఉంది?" అని మా అమ్మాయిని అడిగాను.

"బాగా చేసిందమ్మా" అంది. అంత బాగా ఏం చెయ్యలేదు. నేనూ చూశాను.

మర్నాడు వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. స్పాన్సర్‌గారికి క్షమాపణలు, కిటికీ దగ్గర బ్యానరును పాడుచేసినవారు ఫలానా అని. ఫలానా అన్నచోట నా పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. మా అమ్మాయి సిగ్గుతో చచ్చిపోతానంది. నేను కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నాను. ఇన్నేళ్లకు ఆ కిటికీ పక్కన నా పేరు రాశారు. బల్ల వంక చూస్తూ నోరు మూసుకున్న ఆ డ్రాఫ్ట్స్‌మన్ పిల్లకు ఈ మెసేజ్ పంపించే దారి ఏదైనా ఉంటే బాగుండును. ఆ పిల్ల ముందుగా నేను కోసిన కొలతల్లో తప్పులు వెతికేది. ఆ తర్వాత నవ్వేది.