అక్కకు జ్వరం తగలకుండా

ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయిన కొన్నేళ్లకు మా వైపు ఫ్లూ జ్వరం వచ్చింది. అప్పటికి అక్క నెల్లూరు పెద్దాసుపత్రిలో ఉంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. మా ఊరు మైపాడు నుంచి నెత్తిన చేపల గంపతో ఊరూరూ తిరిగిన మనిషి, ముఖం, కాళ్లు ఉబ్బిపోయి మంచం పట్టింది. మూత్రపిండాలు చెడ్డాయనీ, మద్రాసులో మంచం ఖాళీ అయితే పంపుతామనీ డాక్టరు చెప్పాడు. ఆ కబురు కోసం ఎదురుచూస్తూ నేనూ ఆమెతోపాటే వార్డులో ఉన్నాను.

అదే రోగంతో ఒక భూస్వామి కోడలు కూడా మద్రాసు కోసమే ఎదురుచూస్తోంది. ఆమెది వరండా చివర స్పెషల్ రూము. జ్వరాలు మొదలుకాగానే ఆ తలుపు మూసేశారు. మా వార్డులో మాత్రం జ్వరం మనుషుల్ని మంచాల మధ్య చాపల మీద పడుకోబెట్టారు. పక్క మంచం ముసలామె దగ్గినప్పుడల్లా అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగేది. ఒక మధ్యాహ్నం ఆ దగ్గు ఆగిపోయింది. ముఖం మీదికి దుప్పటి లాగి తీసుకుపోయారు. కాసేపటికే ఆ మంచం మీదికి ఇంకో జ్వరం మనిషి వచ్చింది.

డాక్టరు నన్ను బయటికి పిలిచాడు. "ఈ జ్వరం తగిలితే మీ అక్క తట్టుకోలేదమ్మా. ఇంటికి తీసుకుపో. మద్రాసు నుంచి కబురొస్తే చెప్పి పంపిస్తా."

"మాకూ ఒక గది ఇప్పించండి సార్."

"అది నా చేతిలో లేదు తల్లీ," అన్నాడు, నా ముఖం చూడకుండా.

మా ఇల్లు ఒంటి గది గుడిసె. బావ, ఆయన తల్లి, అక్క పిల్లలిద్దరూ అందులోనే. మేము చేరేసరికి బావ తల్లి దగ్గుతోంది. అక్కను గడప తొక్కనివ్వకుండా, బావ సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో తాటాకులతో చిన్న పాక వేశాడు. అక్కా నేనూ అందులో ఉన్నాం. బావ గింజలూ నీళ్లూ దూరంగా పెట్టి పోయేవాడు. పిల్లలు అంత దూరాన నిలబడి "అమ్మా" అని పిలిచేవాళ్లు. పొయ్యి పొగకు అక్క దగ్గినా లేచిపోయి ఆమె నుదురు తాకి చూసేదాన్ని.

ఒక పొద్దున పొయ్యి ఊదుతుంటే నాకే చలి పుట్టింది. కీళ్లన్నీ లాగేస్తున్నాయి. రాత్రంతా అక్క పక్కనే పడుకున్నానని గుర్తొచ్చింది. చెప్పకుండా లేచి తోపు అవతలికి పోయి కూలబడ్డాను. అక్క ఉబ్బిన కాళ్లు ఈడ్చుకుంటూ గంజి ముంతతో వెతుక్కుంటూ వచ్చింది.

"రాబాక అక్కా! ఆడనే ఉండు!"

"ఎందుకు మే అట్టా అరస్తావు? ఒళ్లు కాలతా ఉండాదా?"

ఆమె ఆగలేదు. నేను దోసిట్లో ఇసుక తీసి ఆమె మీదికి విసిరాను. "నీ బిడ్డల మీద ఒట్టు, ఇంకో అడుగేస్తే సముద్రంలో పడతా!"

అక్క ముంత కింద పెట్టి, అక్కడే కూర్చుని ఏడ్చింది. నేను ఇక్కడ, ఆమె అక్కడ. బావ వచ్చి నన్ను ఇంటికి మోసుకుపోయేదాకా అట్లాగే ఉన్నాం. జ్వరంలో కూడా, ఎవరు వచ్చినా ఒకటే అడిగేదాన్ని: "అక్క దగ్గతా ఉండాదా?"

దగ్గలేదు. ఆ జ్వరం ఆమెను తాకలేదు. ఆ భూస్వామి కోడలు అప్పటికే కారులో మద్రాసు వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. మాకు పిలుపు వచ్చేసరికి జ్వరాలు తగ్గి చాలా రోజులైంది. అక్కడి పెద్ద డాక్టరు చూసి, రెండు మూత్రపిండాలూ పూర్తిగా పోయాయన్నాడు.

"నాకు రెండుండాయి గదా సార్. ఒకటి తీసి అక్కకు పెట్టండి."

ఆయన నవ్వలేదు. "పరదేశంలో కవలపిల్లల్లో ఒకరిది తీసి ఇంకొకరికి పెట్టారని చదివాను. మన దగ్గర ఇంకా లేదమ్మా," అన్నాడు.

రైల్లో అక్క చాలాసేపు నా ముఖమే చూసింది. "నిన్ను కోయించి నేను బతకాల్నా? పిచ్చిదానా," అంది. నా చెయ్యి పట్టుకుని అడిగింది: "నిజంగా ఇచ్చేదానివా మే?"

వానలు పట్టాక అక్క పోయింది. పిల్లలిద్దరినీ నేనే పెంచాను. నిద్ర లేచినప్పుడు వాళ్ల ముఖం కాస్త ఉబ్బినట్టు కనిపిస్తే చాలు, దగ్గరికి లాక్కుని, అక్క కాళ్లకు పడినట్టు గుంట పడుతుందేమోనని కాలి మీద వేలితో నొక్కి చూసేదాన్ని. ఆట అనుకుని వాళ్లు నవ్వేవాళ్లు.