పచ్చ గేటుకి రెండొందల కుర్చీలు

మా అక్క మొగుడు కుర్చీలు అద్దెకిస్తాడు. ఊళ్లో అందరి వీపులూ ఆయన కుర్చీలకు తెలుసు. ఆయన వీపుకు మాత్రం ప్రార్థన మందిరం వేదిక మీద ఒక కుర్చీ పదకొండేళ్లుగా దక్కలేదు.

ఇద్దరు ఆడవాళ్లయినా, ఇద్దరు మగవాళ్లయినా పెళ్లి చేసుకోవచ్చని కోర్టు తీర్పు చెప్పిన వారం, బావ నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఆ తీర్పులో ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. చదివితే కోపం చల్లారుతుందని భయం కాబోలు. "పెళ్లి దేవుడు వేసిన ముడి! విప్పి మళ్లీ వేయడానికి కోర్టెవరు?" అని మందిరంలో లేచి గర్జించాడు. అంతటితో ఆగితే బావ ఎందుకవుతాడు? "అలాంటి పెళ్లికి నా కుర్చీ ఒక్కటి వెళ్లినా మళ్లీ ఈ గడప తొక్కను!" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను, దాచడం దేనికి. ఆదివారం సాయంత్రం నిరసన సభలో బావను వేదిక ఎక్కించి పెద్దల సంఘంలో చేర్చుకుంటామని మందిరం పెద్ద అక్కడికక్కడే మాటిచ్చాడు. అక్క చేత ఒకే చొక్కాని మూడుసార్లు ఇస్త్రీ చేయించాడు బావ.

బావ తన పుస్తకంలో పేర్లు రాయడు. గేటు రంగు, కుర్చీల సంఖ్య, అంతే. "ఎవడు కూర్చుంటే మనకేం, విరగ్గొట్టకపోతే చాలు" అనేది ముప్పై ఏళ్ల సిద్ధాంతం. ఆ ఆదివారం పేజీలో "పచ్చ గేటు, 200" అని ఉంది. ఆయనకున్నవే రెండొందలు. పొద్దున అక్కడ దింపి, మధ్యాహ్నం అవే సభకు చేర్చాలి.

పచ్చ గేటు ఇల్లు కుట్టుపని చేసే ఒకామెది. బావ కుర్చీల తెల్ల తొడుగులన్నీ ఆమె కుట్టినవే. ఒక నర్సమ్మ తన తల్లితో పాటు పదిహేనేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటోంది. బావ వాళ్లమ్మ మంచాన పడ్డ రెండేళ్లూ రోజూ వచ్చి సూది వేసి, ఒళ్లు తుడిచి వెళ్లింది ఆ నర్సమ్మే. ఆ ఇంట్లో చుట్టాలెవరిదో పెళ్లి కాబోలనుకున్నాడు బావ.

మధ్యాహ్నం నన్ను వ్యాన్ ఎక్కించుకుని వెళ్లాడు. లోపల కుట్టుపనామె, నర్సమ్మ కొత్త బట్టల్లో పక్కపక్కన నిలబడి అందరి దీవెనలూ అందుకుంటున్నారు.

"పెళ్లికొడుకేడిరా?" అన్నాడు బావ నా చెవిలో.

"లేడు బావా. మొన్న నువ్వు గర్జించింది ఇలాంటి పెళ్లి మీదే."

బావ ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. "కుర్చీలు ఎత్తెయ్‌రా! ఎవరూ చూడకముందే!"

"చూసేవాళ్లంతా వాటి మీదే కూర్చున్నారు బావా."

తనే ముందు వరుసకు వెళ్లి మొదటి కుర్చీ వీపు పట్టుకున్నాడు. అందులో ఉన్నది నర్సమ్మ తల్లి, ఎనభై దాటిన ముసలమ్మ. తల తిప్పి చూసింది. "వచ్చావా నాయనా. మీ అమ్మే ఉంటే ఇవాళ నా పక్కన కూర్చునేది."

బావ చెయ్యి లాగనూ లేదు, వదలనూ లేదు.

కుట్టుపనామె దగ్గరికొచ్చింది. "మీ ప్రతిజ్ఞ సంగతి విన్నాను అన్నయ్యా. పెళ్లెవరిదని అడుగుతారేమో, చెబుదామనుకున్నాను. మీరు అడిగితేగా! తీసుకెళ్తానంటే తీసుకెళ్లండి. అమ్మని మాత్రం నెమ్మదిగా లేపండి, నడుం పట్టేసింది."

బావ కుర్చీ వదిలేశాడు. "భోజనాలు కానివ్వమ్మా. తర్వాత చూద్దాం."

సాయంత్రం సభ నిలబడే జరిగింది. మోకాళ్ల నొప్పులవాళ్లు ధర్మాగ్రహాన్ని తొమ్మిది నిమిషాలకు మించి మోయలేకపోయారు. సంఘంలో చోటు మైకులు అద్దెకిచ్చే ఆయనకు పోయింది. బావ అన్నమాట ప్రకారం గడప తొక్కడం లేదు. బయట మెట్ల మీద కూర్చుని ప్రార్థన వింటాడు. "పెళ్లి దేవుడు వేసిన ముడే, నా మాట మారదు" అని నాతో ఇప్పటికీ వాదిస్తాడు. వాదించుకోనీ.

ఆ రోజు తిరిగొచ్చినవి నూట తొంభై తొమ్మిదే. ఒకటి పచ్చ గేటు లోపల నీరెండలో ఉంది, ముసలమ్మ దాని మీద ఉంది. రోజూ మా వ్యాన్ ఆ వీధిలోంచే వెళుతుంది.

"తెచ్చుకోవేం బావా?" అన్నాను నిన్న.

"దాని కాలు కొంచెం వంకరలే," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "సభలకు పనికిరాదు."